సంతాప తీర్మానంలో రెండో పేరా

వేదిక మీద ఉన్న పెద్దలకు, వేదిక కింద ఉన్న మా వాళ్ళకు, మొదటి వరుసలో కూర్చున్న అమ్మగారికి, కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఫస్టియర్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నమస్కారం.

ఈ హాల్లో ఇంతమందిని ఇంతకు ముందు నేను చూసింది కాలేజీ వార్షికోత్సవం రోజున. ఆ రోజు కూడా మైకు నా చేతిలోనే ఉంది. నన్ను మీరు ఎరుగుదురు. పేరుతో కాదు, "ఆ మైకు గాడు" అని ఎరుగుదురు. నేను నోరు తెరిస్తే నవ్వడం మీకు అలవాటు. ఇవాళ కూడా నవ్వొస్తే నవ్వండి, నేను ఆపను. నవ్వేశాక ఏం చేస్తామన్నదే నా బాధ.

మిత్రులారా, పదకొండు రోజుల కిందట, గురువారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, రెండో అంతస్తు కంప్యూటర్ ల్యాబులో, ఒక ఇనుప బీరువా తలుపు పిడి పట్టుకుని మేమంతా అక్కా అని పిలిచే మా సీనియర్ చనిపోయింది. కరెంటు షాకు. ఫైనలియర్. ఇరవై రెండేళ్ళు. నా వెనక కట్టిన బ్యానర్ మీద "మనల్ని విడిచి వెళ్ళిపోయారు" అని రాశారు. ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవరినీ విడవలేదు. విడిచిపెట్టే అలవాటు ఉన్న మనిషే అయితే ఆ బీరువాను కూడా మనందరిలా విడిచిపెట్టి ఊరుకునేది, ఇవాళ ఈ హాల్లో ఏ క్విజ్ పోటీయో జరుగుతూ ఉండేది.

నాకు నాలుగు నిమిషాలు ఇచ్చారు. ప్రసంగం ముందే రాసి ఆఫీసులో చూపించమన్నారు. చూపించాను. సూపరింటెండెంట్ గారు చదివి, పక్కన టిక్కు పెట్టి, "బాగుంది బాబూ, హుందాగా ఉంది" అన్నారు. ఆ కాగితం నా జేబులో ఉంది. అందులో "విధి ఆడిన వింత నాటకం" అని ఒక మాట ఉంది. ఆ మాట రాసింది నేనే. చేతులకు సిగ్గుంటే ఆ రోజే పడిపోయి ఉండేవి. ఆ కాగితం నేను చదవడం లేదు. క్షమించండి సార్. నాలుగు నిమిషాల సంగతి కూడా మరిచిపోండి.

మీరంతా లోపలికి వస్తున్నప్పుడు తలుపు దగ్గర ఒక బల్ల ఉంది. బల్ల మీద ఒక కాగితం, దారం కట్టిన పెన్ను. సంతాప తీర్మానం. అందరూ సంతకం పెట్టారు. నేనూ పెట్టాను. ఎంతమంది చదివాం? చేతులెత్తమని అడగను, ఎవరూ ఎత్తరని నాకు తెలుసు. మనం ప్రోగ్రామర్లం కదా. నలభై పేజీల షరతులు వస్తే బొటనవేలితో కిందికి ఒక్క తోపు తోసి "అంగీకరిస్తున్నాను" నొక్కే జాతి మనది. చావు కాగితానికీ అదే చేశాం.

సంతకం పెట్టి వచ్చి కూర్చున్నాక ఎందుకో మళ్ళీ లేచి వెళ్ళి చదివాను. మూడు పేరాలు. మొదటి దాంట్లో ఆమె ఆణిముత్యం. మూడో దాంట్లో ఆమె ఆత్మకు శాంతి. మధ్యలో, పూలదండలో దూర్చిన గుండుసూదిలా, రెండో పేరా. ఫోనులో ఫొటో తీసుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చదువుతాను. "ప్రయోగశాలలో పాదరక్షలు లేకుండా, తగిన జాగ్రత్త పాటించకుండా విద్యుత్ పరికరాన్ని తాకిన కారణంగా ఈ దురదృష్టకర సంఘటన చోటుచేసుకున్నందుకు ఈ సభ విచారం వ్యక్తం చేస్తున్నది."

ఈ సభ. అంటే మనం. ఈ కాగితం రేపు పొద్దున పదింటికి విచారణ కమిటీ ముందుకు వెళుతుంది. మూడువందల పన్నెండు సంతకాలతో. తోటి విద్యార్థులే ఒప్పుకున్నారు, పిల్లదే పొరపాటు అని రాసుకుని ఫైలు కట్టేస్తారు. అందుకే మైకు వదలడం లేదు.

ఈ కాగితాన్ని మొదట అక్క వాళ్ళ అమ్మగారి దగ్గరకే తీసుకెళ్ళారట. ఆమె సంతకం పెట్టలేదు. ఈ పొద్దున గేటు దగ్గర నన్ను పట్టుకుని ఒక మాట అడిగారు. "ఏం బాబూ, మా పిల్ల అంత పరాకుగా ఉండేదా? ఐదేళ్ళప్పుడు కూడా సూది చేతికిస్తే మొన ఎటుందో చూసుకుని పట్టుకునేది." ఆమె ముప్పై ఏళ్ళుగా మెషిన్ మీద బట్టలు కుడుతున్న మనిషి. సూదుల గురించి ఆమెకు తెలిసినంత ఈ వేదిక మీద ఎవరికీ తెలియదు. నేను ఆమెను తీసుకొచ్చి మొదటి వరుసలో కూర్చోబెట్టాను.

అమ్మా, ఇప్పుడు చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

మా పని ఏమిటో ముందు పెద్దలకు చెప్పాలి. వీడియో గేములు తయారు చేయడానికి ఒక పనిముట్టు ఉంది. కంపెనీది కాదు. ఎన్నో దేశాల వాళ్ళు, చాలామంది విద్యార్థులు, జీతం లేకుండా కలిసి రాస్తున్నది. ఎవరైనా తెరిచి చూడొచ్చు, బాగు చేయొచ్చు. అక్కడ ఒకే ఒక్క కట్టుబాటు. నువ్వు రాసిన లైను రెండో మనిషి చదవందే లోపలికి పోదు. నువ్వు ఎంత మొనగాడివైనా సరే. మన కాలేజీ నుంచి వెళ్ళే ప్రతి మార్పుకూ ఆ రెండో మనిషి మా అక్క. జూనియర్లు ఆమెకు పెట్టిన పేరు "మూడోకన్ను". తెరిస్తే బూడిదే మిగులుతుందని.

నా మొదటి మార్పు సంగతి చెప్పుకోవాలి, సిగ్గుచేటే అయినా. ఒక ఏడాది, నాలుగు మార్పులు పంపిన వాళ్ళకు టీషర్టు ఇస్తారని తెలిసింది. నేను ఏం చేశాను? ఒక ఫైల్లో ఒక చుక్క తీసేశాను. ఇంకో ఫైల్లో చుక్క పెట్టాను. ఇంకోదాంట్లో ఖాళీ లైను చేర్చాను. నాలుగోసారి ఆ ఖాళీ లైను తీసేశాను. నాలుగయ్యాయి. నన్ను చూసి మా హాస్టలు మొత్తం అదే దారి పట్టింది. వారంలో నూట అరవై మార్పులు. ఇంకొకరైతే అన్నిటినీ ఒక్క నొక్కుతో చెత్తబుట్టలో పడేసేవాళ్ళు. ఆమె నూట అరవై చదివింది. నూట అరవైకీ విడివిడిగా జవాబు రాసింది. నాకు రాసింది నాకు కంఠతా వచ్చు. "తమ్ముడూ, ఈ చుక్క వల్ల ఎవరికి మేలు జరిగింది? ఒక్కరి పేరు చెప్పు, తీసుకుంటాను." టీషర్టు రాలేదు. కానీ ఆ మరునాడు ల్యాబులో ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండేళ్ళు లేవలేదు.

ఈ మనిషి, చుక్క కూడా చదివే ఈ మనిషి, జాగ్రత్త పాటించలేదట.

ఇంకొకటి వినండి. మా పనిముట్టులో ఒక రోగం ఉండేది. పాత ఫోన్లలో ఆడేటప్పుడు, కదిలే వంతెన మీద నిలబడ్డ బొమ్మ ఉన్నట్టుండి వంతెనలోంచి జారి లోయలో పడిపోయేది. ఎక్కడెక్కడి వాళ్ళో తలలు పట్టుకున్నారు. చివరికి నేను ఒక ఉపాయం కనిపెట్టాను. వంతెన కింద కనిపించని చెక్క ఒకటి పెట్టాను. బొమ్మ పడినా చెక్క మీద ఆగుతుంది. అందరూ భేష్ అన్నారు. అక్క చూసింది. "బాగుంది. పడకుండా ఆపావు. పడేదెందుకో కనుక్కున్నావా?" అంది. చెక్కను వెనక్కి పంపింది. నాకు ఒళ్ళు మండింది, వారం మాట్లాడలేదు. ఆమె పందొమ్మిది రోజులు కూర్చుంది. కాగితాల మీద వంతెన బొమ్మలు గీసి, ఒక్కొక్క క్షణాన్ని ముక్కలు చేసి చూసింది. చివరికి దొరికింది. యంత్రం ముందు వంతెనను కదిపి, ఆ తర్వాత మనిషిని కదుపుతోంది. ఆ మధ్య రెప్పపాటులో మనిషి కింద ఏమీ లేదు. ఆమె మార్చింది రెండంటే రెండు లైన్లు. ముందు మనిషి, తర్వాత వంతెన. ఎక్కడో ఒక బడిలో పిల్లలకు ఆటలతో లెక్కలు చెప్పే పంతులు ఆమె ముఖం కూడా చూడలేదు, ఆయన మొన్న రాశాడు, "మా పిల్లల బొమ్మలు ఇప్పుడు పడడం లేదు. ఆ అమ్మాయి పడిపోయిందని నమ్మలేకపోతున్నాను" అని. అలాంటి ఉత్తరాలు నూట నలభై దాకా వచ్చాయి. ఒక్కదాంట్లోనైనా అజాగ్రత్త అన్న మాట లేదు. ఆ మాట రాయడానికి ఆమెతో నాలుగేళ్ళు ఒకే గేటులోంచి నడిచినవాళ్ళు కావాల్సి వచ్చారు.

ఇప్పుడు బీరువా దగ్గరకు వద్దాం.

మేము రాసిన ప్రతి మార్పునూ పరీక్షించే కంప్యూటరు ఒకటి ఆ ఇనుప బీరువాలో ఉంటుంది, కిటికీ పక్కన. ఏడు నెలలుగా దాని తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. ఈ హాల్లో ఆ ల్యాబుకు వెళ్ళే వాళ్ళలో అది తగలనివాడు లేడు. మనం దానికి పేరు కూడా పెట్టుకున్నాం. బీరువా మామయ్య. "జాగ్రత్తరా, మామయ్య గిల్లుతున్నాడు." ఎంత నవ్వుకున్నాం. మంగళవారాలు వచ్చే కరెంటు మేస్త్రీ గారు ఒకసారి టెస్టర్ పెట్టి చూశారు. "ఎర్తు వైరు ఊడిపోయింది బాబూ. ఇవాళ గిల్లుడు. రేపు ఏమవుతుందో నేను చెప్పను. ఆఫీసు నుంచి కాగితం లేనిదే నేను ముట్టుకోకూడదు. కాగితం తెండి, పావుగంటలో చేస్తా" అన్నారు.

పావుగంట, మిత్రులారా. పావుగంట పని.

అక్క కాగితం రాసింది. కాలేజీ ఫిర్యాదుల పుస్తకంలో, తను మాకు నేర్పిన పద్ధతిలోనే రాసింది. అదీ చదువుతాను. "ఎక్కడ: రెండో అంతస్తు ల్యాబు, కిటికీ పక్క బీరువా. ఏం చేస్తే: చెప్పులు లేకుండా నిలబడి తలుపు పిడి పట్టుకుంటే. ఏం జరగాలి: తలుపు తెరుచుకోవాలి. ఏం జరుగుతోంది: కరెంటు తగులుతోంది. ఎన్నిసార్లు: పదిసార్లలో ఏడుసార్లు. తుడిచిన నేల ఆరకముందైతే పదికి పది."

చెప్పులు లేకుండా. తడి నేల మీద. పదికి పది. చనిపోవడానికి ఏడు నెలల ముందే రాసింది సార్, తన చేత్తో, మీ పుస్తకంలో. ఆమెకు జాగ్రత్త తెలియదా? ఆ ల్యాబు తలుపు మీద ఉన్న బోర్డు ఎవరిది? "పాదరక్షలు బయటే విడవవలెను." దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని. చెప్పులతో వెళ్ళినందుకు నన్ను మూడుసార్లు గుమ్మంలో నిలబెట్టారు. విప్పమన్నది మీరు. ఇప్పుడు విప్పినందుకు తప్పు ఆమెది. ఈ తెలివి మా పనిముట్టులో ఎవరైనా రాసి పంపి ఉంటే, ఆ మూడోకన్ను తెరిచిన వేడికి స్క్రీను కరిగిపోయేది.

మొదటి ఫిర్యాదుకు జవాబు, "పరిశీలనలో ఉన్నది." రెండోదానికి, "పరిష్కరించడమైనది." ఏమీ పరిష్కరించలేదు. మూడోసారి రాసింది. అప్పుడొచ్చిన జవాబు జాగ్రత్తగా వినండి. "ఇతర విద్యార్థుల నుంచి ఇటువంటి ఫిర్యాదు అందలేదు. కనుక మూసివేయడమైనది."

ఇతర విద్యార్థుల నుంచి అందలేదు.

ఇక్కడ ఆఫీసు మీద కేకలేసి దిగిపోవచ్చు. దిగితే చప్పట్లు కూడా పడతాయి. కానీ ఈ ఒక్క ముక్క ఆఫీసు నిజమే రాసింది. అందలేదు. మూడో ఫిర్యాదుకు ముందు ఆమె నా దగ్గరకు వచ్చింది. "తమ్ముడూ, నేనొక్కదాన్నే రాస్తే లెక్కలోకి రావడం లేదు. కింద ఒక్క లైను రాయి. నాకూ తగిలింది అని. అంతే" అంది. మా లోకంలో అదే పద్ధతి. ఒకడు తప్పు చూపిస్తాడు. ఇంకొకడు వచ్చి "నా దగ్గరా ఇలాగే అవుతోంది" అంటాడు. అప్పుడే అది నిజమైన తప్పు అవుతుంది. వేరే దేశంలో ముక్కూముఖం తెలియని వాడి వంతెన కోసం ఆ లైను వందసార్లు రాశాను. ఆమె అడిగినప్పుడు ఏం చేశానో తెలుసా?

స్టిక్కర్ చేశాను.

సైకిలు షాపు నుంచి రబ్బరు ముక్క ఒకటి తెచ్చి బీరువా ముందు చాపలా పరిచాను. తలుపు మీద రంగుల స్టిక్కర్ అతికించాను. "మామయ్య విశ్రాంతిలో ఉన్నారు. చాప మీద నిలబడి, అరచేతి వెనకతో పలకరించగలరు." అందరూ దానితో ఫొటోలు దిగారు. మీలో చాలామంది ఫోన్లలో ఇప్పటికీ ఉంది. చెక్క పెట్టి బొమ్మను ఆపిన వాణ్ణి కదా, చాప వేసి మనుషుల్ని ఆపాను. ఆమె వచ్చి చదివింది. నవ్వింది కూడా. నవ్వి అంది, "బాగుంది తమ్ముడూ. కానీ ఇక దీని మీద ఎవరూ ఫిర్యాదు రాయరు. నవ్వేశారుగా." ఆ లైను పరీక్షలయ్యాక రాస్తాలే అన్నాను. పరీక్షలయ్యాయి. అందరం పాసయ్యాం.

ఆ గురువారానికి ముందు బుధవారం ఏం జరిగింది? పై నుంచి తనిఖీ బృందం వస్తోందని ల్యాబును ముస్తాబు చేశారు. రబ్బరు చాప అసహ్యంగా ఉందని తీసేశారు. స్టిక్కర్ గోకేశారు. పోనీ, అది నాది, గోకండి. ఆ జాగాలో కంప్యూటర్లో ముద్రించిన తెల్ల కాగితం అతికించారు. "ఈ పరికరము తనిఖీ చేయబడినది. సురక్షితము." ఎవరు తనిఖీ చేశారు? మేస్త్రీ గారిని అడిగాను. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఎర్తు వైరు ఊడింది ఊడినట్టే ఉంది.

గురువారం మధ్యాహ్నం నేల రెండుసార్లు తుడిచారు. ఒక ఫస్టియర్ చెల్లెలు తన జీవితంలో మొదటి మార్పు పంపింది. బీరువాలో కంప్యూటరు బిగుసుకుపోయి అది మధ్యలో ఆగిపోయింది. తలుపు జాలీలోంచి లోపల ఎర్రదీపం కనిపిస్తోందని ఫొటో తీసి అక్కకు పంపింది. అక్క వచ్చింది. రేపు చూద్దాంలే అనొచ్చు. అనదు. "మొదటిసారి పంపినవాళ్ళను ఆ రోజే చూడాలి, రేపటికి వాళ్ళకు భయం వేస్తుంది" అనేది ఎప్పుడూ. బయట చెప్పులు విప్పింది, బోర్డు చెప్పినట్టే. తలుపు దగ్గర ఆగి కాగితం చదివింది. ఆ చెల్లెలు పక్కనే ఉంది, తన చెవులతో విన్నది. "అబ్బ, ఎట్టకేలకు చేశారే" అంది అక్క. సంతోషంగా అంది. పిడి పట్టుకుంది.

రెండో మనిషి చూడకుండా ఆమె నమ్మిన లైను, నాకు తెలిసి, అదొక్కటే.

ఆ సాయంత్రానికల్లా ఆ కాగితం బీరువా మీద లేదు. గాలికి ఎగిరిపోయిందట. కానీ చెల్లెలు తీసిన ఫొటోలో ఎర్రదీపం పక్కనే అది ఉంది. ప్రతి అక్షరమూ కనిపిస్తోంది. ఫొటో ఇప్పటికి నలుగురి దగ్గర ఉంది, కాబట్టి గాలికి ఇక అంత సులువు కాదు.

అమ్మా, మీ పిల్ల పరాకుగా లేదు. మేం ఉన్నాం. రాయాల్సిన ఒక్క లైను బదులు జోకు రాశాను నేను. నవ్వి, ఫొటో దిగి వెళ్ళిపోయారు వీళ్ళు. మూసేశారు ఆఫీసు వాళ్ళు. ఆ కాగితం అతికించిన చెయ్యి ఎవరిదో కమిటీ కనుక్కోవాలి. ఆమె మాత్రం చూసింది, రాసింది, మళ్ళీ రాసింది, మూడోసారీ రాసింది. ఇంకా ఎలా జాగ్రత్తగా ఉండాలో ఎవరైనా చెబితే నేర్చుకుంటాను.

ఇది నా వంతు వచ్చేలోపు ఇక్కడే కూర్చుని నేను సవరించిన తీర్మానం. రెండో పేరా కొట్టేశాను. ఆ స్థానంలో మూడు ఫిర్యాదుల తేదీలు, వాటి జవాబులు, తెల్ల కాగితం మీది మాటలు ఉన్నాయి. విశేషణాలు లేవు, తిట్లు లేవు, నన్ను నేను చాలా అదుపులో పెట్టుకున్నాను. నేను రాసింది కనుక ఈ సభకు వచ్చిన మేస్త్రీ గారు చదివారు, ఆ చెల్లెలు చదివింది. ఇద్దరూ ఒక్కో తప్పు పట్టారు, దిద్దాను. ఇది అదే బల్ల మీద పెడతాను. ఈసారి చదివి పెట్టండి సంతకం. చదివి నచ్చకపోతే పెట్టకండి. పాత కాగితం మీద మన పేర్లు మనమే కొట్టేసుకోవచ్చు, పెన్నుకు దారం బాగా పొడుగ్గానే కట్టారు.

దానికంటే ముందు ఆనవాయితీ ఒకటి ఉంది. రెండు నిమిషాలు లేచి నిలబడి మౌనం పాటించాలి. మామూలుగా ఇలాంటప్పుడు అందరూ లేస్తారు, పక్కవాడు లేచాడు కదా అని. ఇవాళ అలా వద్దు. రెండో పేరా సరైనదే అని ఎవరికైనా అనిపిస్తే దయచేసి కూర్చునే ఉండండి. వేదిక మీద ఉన్న పెద్దలకూ ఇదే మనవి. మొహమాటపడకండి. ఆ బీరువా మిమ్మల్ని ఒక్కసారైనా గిల్లి ఉంటే, గిల్లినప్పుడు మీరు నవ్వేసి ఉంటే, ఇప్పుడు లేవండి. మాట్లాడొద్దు. ఫోన్లు తీయొద్దు. ఊరికే నిలబడండి.

అమ్మా, మీరు లేవకండి. మీ కుర్చీ అటు, వెనక్కి తిప్పుకోండి. వేదికకు వీపు పెట్టారని ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దున మీరడిగిన దానికి నేనొక్కణ్ణి జవాబు చెబితే మళ్ళీ లెక్కలోకి రాదు. తిరిగి చూడండి. ఎవరెవరు లేస్తున్నారో చూడండి.